వెనుకతలం మీది గీతలు: ‘ఇస్లామీయ నమూనా’లపై ఒక పరిశీలన

ముద్రణాలయంలో పుస్తకాల అంచులు కోసే యంత్రం దగ్గర ప్రతిరోజూ బస్తాలకొద్దీ కాగితపు పీలికలు పోగుపడతాయి. వాటివంక ఎవరూ చూడరు. సాయంత్రానికి అవి తూకానికి వెళ్ళిపోతాయి. కిందటి సంవత్సరం నేను అనువదించిన ఒక చిన్న గ్రంథం బైండింగు జరుగుతున్న రోజున, ఆ యంత్రం దగ్గర పనిచేసే ఒక పెద్దాయన నాకు కబురు పంపారు. నేను వెళ్ళేసరికి మా పుస్తకపు అట్టల పీలికలన్నిటినీ ఆయన విడిగా ఏరి, శుభ్రమైన సంచిలో వేసి, మూతి కట్టి, నేలమీద కాక బల్లమీద పెట్టి ఉంచారు.

“మౌల్వీ సాబ్, ఇవి చూడబోతే అక్షరాల్లా ఉన్నాయి. తుక్కులో వేయడానికి నాకు చేతులు రాలేదు. మీరు చూసి చెప్పండి” అన్నారు.

చూశాను. అట్ట వెనుకతలంగా లేత ఆకుపచ్చ రంగులో పరచిన నమూనా అది. గళ్ళు గళ్ళుగా, గాలిమరలా తిరుగుతున్నట్టున్న ఆ అల్లికను నేను అంతకుముందు రెండుసార్లు ప్రూఫులో చూసి, ‘బాగుంది’ అని సంతకం కూడా పెట్టాను. ఇప్పుడు పీలికను చేతిలోకి తీసుకుని చదివితే, అది చదరపు కూఫీ లిపిలో నాలుగు వైపుల నుంచి తిప్పి రాసిన దైవప్రవక్త (స) వారి శుభనామం. పీలికల మీద ఆ నామం సగానికి తెగి ఉంది. ఒకచోట మీమ్ మాత్రమే మిగిలింది. మరొకచోట దాల్ ఒక్కటే.

అట్ట కూర్చిన యువకుణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. అతనికి అరబీ రాదు. కంప్యూటర్లో ‘ఇస్లామీయ నేపథ్యం’ అని వెతికాడు, అతుకు కనిపించకుండా ఎంత మేరకైనా పరుచుకునే ఒక నమూనా దొరికింది, దానిని పరిచాడు. అరబీ చదివినవాణ్ణి నేను. మదరసాలో ఎనిమిదేళ్ళు, ఆ తరువాత విశ్వవిద్యాలయంలో మరికొన్నేళ్ళు ఈ లిపితోనే గడిపాను. నా కళ్ళు గ్రంథనామం మీద, అనువాదకుని పేరు మీద నిలిచాయి కాని, వాటి వెనుక ఏముందో చూడలేదు. ‘వెనుకతలం’ అంటే మనం చూడనక్కరలేనిది అని నా మనస్సు ముందే తీర్మానించుకుంది. ఈ వ్యాసం ఆ తీర్మానంపై విమర్శ. నాపై నేను చేసుకుంటున్న విమర్శ అని కూడా పాఠకులు భావించవచ్చు.

అతుకులేని నమూనా అంటే ఏమిటి?

మొదట వస్తువును అర్థం చేసుకుందాం. కంప్యూటర్ తెరపైగాని, ముద్రణలోగాని విశాలమైన తలాన్ని నింపవలసి వచ్చినప్పుడు అంత పెద్ద బొమ్మ గీయనక్కరలేదు. చిన్న పలక ఒకటి తయారుచేసి, దాన్నే పక్కపక్కన, కిందమీద పేర్చుకుంటూ పోతే చాలు. షరతు ఒక్కటే: పలక కుడి అంచున ఆగిన గీత ఎడమ అంచున సరిగ్గా అదే ఎత్తులో మళ్ళీ మొదలుకావాలి, పై అంచుకూ కింది అంచుకూ మధ్య కూడా అటువంటి పొత్తే ఉండాలి. అది కుదిరితే అతుకు కంటికి ఆనదు.

దీన్ని పరీక్షించే ఉపాయం కూడా సులువైనదే. పలకను సగం వెడల్పు పక్కకు, సగం ఎత్తు కిందికి జరుపుతారు. అంచులు దాటి బయటికి పోయిన భాగం అవతలివైపు నుంచి లోపలికి వస్తుంది. అప్పుడు నాలుగు మూలలూ పలక నడిమధ్యకు చేరతాయి, దాగి ఉన్న అతుకులు శిలువ ఆకారంలో కళ్ళెదుట నిలుస్తాయి. వాటిని సరిదిద్దితే పని పూర్తయినట్లే.

ఈ పద్ధతి పేదరికంలో పుట్టింది. 1984లో వెలువడిన మెకింటాష్ కంప్యూటర్లో బూడిదరంగు నేలలు, ఇటుకల వరుసలు వంటివన్నీ 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గల పలకల పునరావృత్తితోనే వచ్చేవి. జ్ఞాపకశక్తి తక్కువ గల యంత్రానికి అంతకంటే మార్గం లేదు. 1996లో ఏర్పడిన సి.ఎస్.ఎస్. తొలి ప్రమాణంలోనే వెనుకతలపు బొమ్మను అడ్డంగా, నిలువుగా, లేదా రెండు దిక్కులా ఎలా పునరావృతం చేయాలో నియమం ఉంది. టెలిఫోన్ తీగ మీద నెమ్మదిగా వచ్చే సమాచారానికి చిన్న పలక అనుకూలం. నేడు యంత్రాలకు ఆ పేదరికం తీరింది కాని అలవాటు నిలిచింది. పాలరాయి, మట్టిగోడ, నారబట్ట, నలిగిన కాగితం వంటి ఉపరితలాలన్నీ ఇలాంటి పలకలుగా దొరుకుతాయి. వాటి పక్కనే ‘ఇస్లామిక్’ అనే చీటీ అంటించిన ఒక అర కూడా ఉంటుంది.

పునరావృత్తి మనకు కొత్తదా?

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. ఒకే పలకను మళ్ళీ మళ్ళీ వాడడం యంత్రపు సోమరితనమనీ, మన పూర్వపు కళాకారులు అలా చేయలేదనీ కొందరు అంటుంటారు. ఈ మాట నిజం కాదు. అభిమానం కొద్దీ అయినా అబద్ధాన్ని సమర్థించకూడదు.

ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ రాజప్రాసాద గ్రంథాలయంలో ఒక కాగితపు చుట్ట ఉంది. పొడవు 29 మీటర్లకు పైమాటే. ఇరాన్ ప్రాంతపు తైమూరీ, తుర్కమాన్ సంప్రదాయానికి చెందిన శిల్పుల నమూనాలు అందులో 114 ఉన్నాయి. గుల్రూ నెజిపోగ్లు 1995లో దీనిని సవివరంగా ప్రకటించారు. ఆ చుట్టలోని అనేక రేఖాచిత్రాలు పూర్తి గోడను చూపవు. పునరావృతం కావలసిన ఖండాన్ని, కొన్నిచోట్ల దానిలోనూ నాలుగో భాగాన్ని మాత్రమే చూపుతాయి. మిగిలినది ఎలా తిప్పాలో, ఎటు ప్రతిబింబించాలో శిల్పికి తెలుసు. సిరా గీతల కింద, మొనదేరిన సాధనంతో ఒత్తిన రంగులేని గీతలు కూడా ఉన్నాయి. అవి ఆ రచన వెనుక ఉన్న లెక్క.

అంటే అతుకులేని పలక అనే భావన మన శిల్పులకు పరాయిది కాదు. ఫారసీలో ఈ అల్లికకు పేరు ‘గిరిహ్’, అనగా ముడి. ముడి వేసినవాడికే దాన్ని విప్పడం తెలుస్తుంది. తేడా పునరావృత్తిలో లేదు. మూడు ఇతర విషయాలలో ఉంది: గీతను ఎంత నిజాయితీగా గీశారు, నమూనా ఎక్కడ ముగుస్తుంది, దానిలో అక్షరం ఉంటే ఆ అక్షరానికి ఏ స్థానమిచ్చారు. ఈ మూడింటినీ వరుసగా పరిశీలిద్దాం.

గీత నిజాయితీ

బూజ్జాన్‌లో జన్మించి బగ్దాదులో స్థిరపడిన గణితవేత్త అబుల్ వఫా (940–998) శిల్పులకు అవసరమైన జ్యామితిపై ఒక గ్రంథం రాశారు. శిల్పులు, జ్యామితివేత్తలు కలిసి చర్చించిన సమావేశాలను అందులో ఆయన ప్రస్తావిస్తారు. మూడు సమాన చతురస్రాలను ముక్కలుగా కోసి ఒకే పెద్ద చతురస్రంగా ఎలా కూర్చాలన్నది ఒక సమస్య. కొందరు శిల్పుల పద్ధతి కంటికి సరిపోయినట్లే కనిపిస్తుంది కాని లెక్కకు నిలవదని ఆయన నిరూపించారు. అదే సమయంలో నిరూపణ మాత్రమే తెలిసి, చేతితో కోయడం తెలియని పండితుల లోపాన్నీ దాచలేదు. కంటికి కుదరడం వేరు, నిజంగా కుదరడం వేరు అనే ఈ వివేచన వెయ్యేళ్ళ నాటిది. నేటి పలకలకు సరిగ్గా అన్వయిస్తుంది.

ఒక ఉదాహరణ. కంప్యూటర్ పలకలు సాధారణంగా చతురస్రాలు. 512 చుక్కలు లేదా 1024 చుక్కల భుజంతో తయారవుతాయి. ఎనిమిది కోణాల నక్షత్రం చతురస్రంలో హాయిగా ఇముడుతుంది. కాని ఆరు కోణాల నక్షత్రపు అల్లిక షట్కోణ జాలం మీద నిలుస్తుంది. దానికి కావలసిన దీర్ఘచతురస్రపు భుజాల నిష్పత్తి సుమారు 1 : 1.732. పది కోణాల నక్షత్రంలో కిరణాలు 36 డిగ్రీల ఎడంతో ఉంటాయి. ప్రసిద్ధమైన ఒక కూర్పులో అది 72 డిగ్రీల సమచతుర్భుజం మీద పునరావృతమవుతుంది. దీర్ఘచతురస్రంగా తీసుకుంటే నిష్పత్తి సుమారు 1 : 1.376. అంటే పలక వెడల్పు 1000 చుక్కలైతే ఎత్తు 1376 ఉండాలి. దానిని బలవంతంగా చతురస్రంలోకి నొక్కితే అతుకు కనిపించదు, అంచులు కలుస్తాయి, పరీక్షలో నెగ్గుతుంది. కాని నక్షత్రం వృత్తాన్ని కోల్పోతుంది. పది కిరణాల మధ్య ఎడాలు సమానంగా ఉండవు. అటువంటి పలకలను నేను స్వయంగా కొలిచి చూశాను. అంచులు నిజం చెబుతున్నాయి, నడుమ మాత్రం అబద్ధమాడుతోంది.

మరొక పరీక్షకు కొలబద్ద కూడా అక్కరలేదు. చాలా గిరిహ్ అల్లికలలో గీత పట్టీలాగా సాగుతూ, ఎదురైన పట్టీలను ఒకసారి పైనుంచి, మరుసారి కిందనుంచి దాటుతుంది. వేలితో ఒక పట్టీని పట్టుకుని వెళ్ళండి: పైన, కింద, పైన, కింద. మంచి కూర్పులో ఈ క్రమం ఎక్కడా తప్పదు. తొందరలో చేసిన పలకలో, సరిగ్గా అంచు దాటిన చోట, పట్టీ వరుసగా రెండుసార్లు పైనే వస్తుంది. రంగు కలిసింది కాని అల్లిక తెగింది. ఇటీవల కృత్రిమ మేధతో గీయిస్తున్న నమూనాలలో ఇంతకంటే విచిత్రాలు చూస్తున్నాం. ఒక నక్షత్రానికి పది కోణాలు, దాని పక్కదానికి తొమ్మిది. పట్టీ మొదలైంది గాని ఎక్కడికీ చేరదు. అరబీ అక్షరాల పోలికలో ఏ భాషకూ చెందని వంకరలు. దూరం నుంచి అంతా ‘ఇస్లామీయం’గానే కనిపిస్తుంది.

2007లో పీటర్ లూ, పాల్ స్టైన్‌హార్ట్ అనే భౌతికశాస్త్రవేత్తలు ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన ప్రకటించారు. మధ్యయుగపు శిల్పులు అయిదు రకాల పలకలతో సంక్లిష్టమైన గిరిహ్‌లు కూర్చారనీ, ఇస్ఫహాన్‌లో 1453 నాటి దర్బె ఇమామ్ కట్టడంపై నమూనా ఎన్నడూ సరిగ్గా పునరావృతం కాని కూర్పుకు, అనగా 1970ల్లో పెన్‌రోజ్ కనుగొన్న కూర్పుకు, చాలా దగ్గరగా ఉందనీ వాదించారు. దీనిపై తరువాత భిన్నాభిప్రాయాలు వచ్చాయి. మన పత్రికలు మాత్రం ‘ముస్లిములు అయిదు వందల ఏళ్ళ ముందే కనిపెట్టారు’ అని శీర్షికలు పెట్టి తృప్తిపడ్డాయి. అల్‌హమ్రా విషయంలోనూ ఇదే ధోరణి. తలాన్ని నింపే సౌష్ఠవాలు 17 రకాలని 1891లో ఫెద్రోవ్ నిరూపించారు. ఆ పదిహేడూ అల్‌హమ్రాలో ఉన్నాయన్న మాట బహుళ ప్రచారంలో ఉంది. కాని 1944లో ఎడిత్ ముల్లర్ శ్రమించి పరిశీలించినప్పుడు గుర్తించినవి 11. మిగిలినవాటిపై వాదం రంగులను లెక్కలోకి తీసుకోవడం, తీసుకోకపోవడం వంటి అంశాలపై నడిచింది. గొప్పలు చెప్పుకోవడానికి ముందు లెక్క సరిచూసుకోవడం అబుల్ వఫా మనకు నేర్పిన మర్యాద.

నమూనా ఎక్కడ ముగుస్తుంది?

గోడమీది అల్లిక అనంతంగా సాగగలదు, కాని సాగదు. దానికి హాషియా, అనగా అంచుపట్టీ ఉంటుంది. ఏ నక్షత్రం మూలలో పడాలి, ఏది నడిమధ్యన నిలవాలి అన్నది శిల్పి ముందుగా నిర్ణయిస్తాడు. అందువల్ల ఆ నమూనా ఆ గోడదే. తెరమీద పరిచిన పలకకు ఈ యోగం లేదు. కిటికీ ఎంత వెడల్పు తెరిస్తే అంతవరకు పోతుంది, ఎక్కడ మూస్తే అక్కడ తెగుతుంది. అట్టమీద అయితే కత్తి ఎక్కడ పడితే అక్కడ.

గోడను, పలకను ఇలా విడదీయడం కంప్యూటర్‌తో మొదలుకాలేదు. ఓవెన్ జోన్స్ అనే ఆంగ్లేయ వాస్తుశిల్పి 1842–45 మధ్య అల్‌హమ్రాపై బృహద్గ్రంథం వెలువరించాడు. అందులో శాసనాల పాఠాన్ని, అనువాదాన్ని అరబీ పండితుడు పాస్కువల్ దె గాయాంగోస్ చేత చేయించి చేర్చాడు. అక్కడ అక్షరానికి గౌరవం దక్కింది. 1856లో అతడే ప్రకటించిన అలంకార వ్యాకరణ గ్రంథంలో మాత్రం ప్రపంచపు నమూనాలన్నీ చతురస్రపు ముక్కలుగా రంగుపుటల మీదికి చేరాయి. అవి డిజైనర్లకు తరగని గని అయ్యాయి. డచ్ చిత్రకారుడు ఎషర్ 1922లోను, 1936లోను అల్‌హమ్రాను దర్శించి, గీతల స్థానంలో పక్షులను, చేపలను నింపి అతుకులేని తలాలు సృష్టించాడు. అతడు నేర్చుకున్నానని చెప్పి తీసుకున్నాడు. పేరు చెప్పకుండా తీసుకున్నవారే ఎక్కువ.

ఈ విషయంలో మన నేల చెప్పే పాఠాలు రెండున్నాయి. కృష్ణాజిల్లా పెడనలో చెక్క అచ్చుతో బట్టపై అద్దకం వేసేవారిని చూడండి. అచ్చు కూడా అతుకులేని పలకే. కాని కొంగు వేరు, అంచు వేరు, నడుమ వేరు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క అచ్చు. బట్ట ముగిసేచోట నమూనా కూడా ముగియాలి. గోల్కొండ రాజ్యకాలంలో మచిలీపట్నం తీరం నుంచి ఇరాన్‌కు ఎగుమతి అయిన బట్టలలో మిహ్రాబ్ ఆకారం గలవి కూడా ఉండేవి. వాటిలో నడుమ తోరణం ఒకటే. దాన్ని పునరావృతం చేయరు. ఏది ఎన్నిసార్లు రావాలో, ఏది ఒక్కసారే రావాలో ఆ పనివారికి తెలుసు.

రెండవది హైదరాబాదులోని బాద్‌షాహీ అషుర్‌ఖానా. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో, 1590లలో నిర్మితమైన ఈ కట్టడపు గోడలపై పసుపు, నీలం మెరుగుపలకల పని చూసినవారు మరువలేరు. 1908 నాటి మూసీ వరదలో దిగువ భాగపు పలకలు దెబ్బతిన్నాయి. తరువాత అక్కడ అదే పనిని పోలేటట్లు రంగులతో గోడమీద చిత్రించారు. దగ్గరకు వెళ్ళి చూస్తే పలక ఎక్కడ ఆగిందో, రంగు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. నేను ఆ రంగుల భాగాన్ని తక్కువచేసి మాట్లాడను. పోయినదానిని గుర్తుపెట్టుకోవడానికి చేసిన ప్రయత్నం అది, అతుకును దాచలేదు. అతుకు కనిపించడం కొన్నిసార్లు నిజాయితీ.

అక్షరం మర్యాద

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం. అరబీ తెలియని కంటికి అరబీ లిపి ఒక నమూనాలాగే కనిపిస్తుంది. ఇది నేటిది కాదు. 1423లో జెంటిలే ద ఫాబ్రియానో గీసిన చిత్రంలో బీబీ మర్యమ్ తల చుట్టూ ఉన్న కాంతివలయంలో అరబీ పోలిక గల అక్షరాలున్నాయి. ఆ కాలపు ఇటలీ చిత్రాలలో ఇది పరిపాటి. అక్కడ ఉద్దేశం గౌరవమే. 1994లో ప్యారిస్‌లో జరిగింది వేరు. షనెల్ సంస్థకోసం కార్ల్ లాగర్‌ఫెల్డ్ రూపొందించిన దుస్తులపై కుట్టిన అక్షరాలు దివ్య ఖుర్ఆన్ వాక్యాలని తేలింది. అతడు వాటిని తాజ్‌మహల్‌కు సంబంధించిన ప్రేమకవిత అనుకున్నాడు. సంస్థ క్షమాపణ చెప్పి, ఆ దుస్తులను నాశనం చేస్తామని ప్రకటించింది. ముస్లిం ప్రపంచం ఆగ్రహించింది, అది న్యాయమే. కాని ఆ ఆగ్రహంలో పాలుపంచుకున్న మనమే మన పుస్తకాల అట్టల మీద, పెళ్ళి పత్రికల మీద, మిఠాయి సంచుల మీద, రమజాన్ కాలపట్టికల మీద ఏమి అచ్చువేస్తున్నామో చూసుకున్నామా? విందు ముగిశాక ఆ సంచి ఎక్కడికి పోతుంది? శవ్వాల్ నెల వచ్చాక ఆ కాలపట్టిక ఎక్కడ ఉంటుంది?

‘అక్షరాలు తెగిపోతే ఇక పదం ఎక్కడుంది? అర్థం లేని ముక్కలకు గౌరవమేమిటి?’ అని కొందరు వాదించవచ్చు. ఈ వాదానికి మన ఫిఖ్హా గ్రంథాలలో స్పష్టమైన సమాధానం ఉంది. ఔరంగజేబు కాలంలో సంకలితమైన ఫతావా ఆలమ్‌గీరీలో, అల్లాహ్ సార్వభౌమత్వాన్ని తెలిపే మాట నేసిన చాపను పరిచి కూర్చోవడం మక్రూహ్ అని చెప్పారు. అక్షరాలను ఒకదాని నుంచి ఒకటి వేరుచేసినా, కొన్నింటిపై కుట్టువేసి పదం చదవరాకుండా చేసినా ఆ కరాహత్ తొలగదు. కారణం, విడి అక్షరానికీ మర్యాద ఉంది. ఆ సందర్భంలోనే ఒక సంఘటన కూడా ఉంది. కొందరు యువకులు అబూజహల్ పేరు రాసి దానిని గురిగా పెట్టుకుని బాణాలు వేస్తుంటే ఒక పండితుడు వారించారు. వారు అక్షరాలను విడదీసి మళ్ళీ వేయసాగారు. ఆయన మళ్ళీ వారించి, తాను వారించింది ఆ మనిషి పేరు కోసం కాదు, అక్షరాల కోసమేనని తెలిపారు. ధర్మవిరోధి పేరులోని అక్షరాలకే ఇంత మర్యాద ఉన్నప్పుడు, మా అట్ట పీలికల మాట చెప్పాలా? యంత్రం దగ్గరి ఆ పెద్దాయన ఈ గ్రంథం చదివి ఉండరు. చదివిన నేను సంతకం పెట్టాను. చదవని ఆయన సంచి మూతి కట్టారు.

మరొక ఆక్షేపణ దీనికంటే బలమైనది. అల్‌హమ్రా గోడలపై, అల్లాహ్ తప్ప విజేత లేడన్న నస్రీ వంశపు నినాదం లెక్కలేనన్నిసార్లు పునరావృతం కాలేదా? మధ్య ఆసియా మినార్లపై చదరపు కూఫీలో పవిత్రనామాలు ఇటుకలతో పేర్చలేదా? పూర్వులు చేసినదానిని మీరు తప్పంటారా? ఇది న్యాయమైన ప్రశ్న. అక్కడ కూడా అక్షరం నమూనాగా మారింది, నిజమే. కాని అది చట్రంలో ఇమిడిన పట్టీ. పదం మొదలై పదం ముగుస్తుంది. అది గోడకు చెందింది. చేతులు మారదు, చెత్తలో పడదు. అయినా కూడా హనఫీ ఫుఖహా గోడలపై, మిహ్రాబులపై ఖుర్ఆన్ రాయడాన్ని మెచ్చుకోలేదు. పెచ్చులూడితే అక్షరం నేలపాలై కాళ్ళకింద పడుతుందన్నది వారి భయం. రాతిగోడ విషయంలోనే ఇంత జాగ్రత్త వహించినవారు, ఒక్కరోజు బ్రతికే కాగితం గురించి ఏమనేవారో ఊహించడం కష్టం కాదు.

వెనుకతలం ధర్మం

వెనుకతలం ఎలా ఉండాలన్న విషయంలో హదీసుల వెలుగు కూడా మనకుంది. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ప్రకారం, దైవప్రవక్త (స) ఒకసారి నగిషీ గల దుప్పటిలో నమాజు చేశారు. ఆ నగిషీల మీదికి చూపు మళ్ళింది. నమాజు ముగియగానే దానిని అబూజహమ్‌కు పంపివేసి, ఆయన వద్దనున్న సాదా దుప్పటి తెమ్మన్నారు. నమాజులో ఏకాగ్రతకు అది అడ్డువచ్చిందని కారణం తెలిపారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన మరో హదీసులో, హజ్రత్ ఆయిషా (రజి) ఇంట వేలాడదీసిన బొమ్మల తెరను తొలగించమని ఇటువంటి కారణంతోనే చెప్పినట్లుంది. నగిషీ వస్త్రాన్ని ఆయన హరామ్ అనలేదు, మరొకరికి ఇచ్చారు. వెనుక ఉండవలసింది ముందుకు వచ్చి మనస్సును లాగుతున్నదా అన్నదే అక్కడి కొలమానం.

మన పుస్తకాలకు ఈ కొలమానం పెట్టి చూద్దాం. పుట పుటకూ అక్షరాల వెనుక గిరిహ్ అల్లిక; దానిమీద తెలుగు ఒత్తులు, గుడులు, సుడులు. మన లిపి వంపులతో నిండినది. కోణాల గీతల మీద దానిని అచ్చువేస్తే ‘ప’కు ‘ష’కు తేడా తెలియక వృద్ధ పాఠకుడు కళ్ళు నులుముకుంటాడు. పవిత్ర గ్రంథానువాదాన్ని అందంగా తేవాలన్న ఉద్దేశంతో, దానిని చదవడానికే వీలులేకుండా చేస్తున్నాం. మస్జిద్ ముందుగోడ మీద నగిషీ వద్దని పెద్దలు ఏ కారణంతో అన్నారో, అదే కారణం పుటకూ వర్తిస్తుంది.

తౌహీద్ పేరిట ఒక వాదం

‘ఇస్లామీయ నమూనాలు తౌహీద్‌కు ప్రతీకలు; ఒక కేంద్రం నుంచి అనంతంగా విస్తరించడం దైవ ఏకత్వాన్ని సూచిస్తుంది’ అన్న వాక్యం మన ప్రత్యేక సంచికలలో తరచు కనిపిస్తుంది. ఈ వ్యాఖ్యానం ప్రచారంలోకి రావడానికి 1976 ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏట లండన్‌లో ఇస్లాం ప్రపంచోత్సవం జరిగింది. టైటస్ బర్క్‌హార్ట్, కీత్ క్రిచ్లో మొదలైనవారి గ్రంథాలు వెలువడ్డాయి. గీతలు గీయడం నేర్పడంలో క్రిచ్లో చేసిన సేవ తక్కువది కాదు. కాని శిల్పులు తమ గీతకు అటువంటి అర్థం చెప్పుకున్నారనడానికి ఆధారం చూపడం వేరు, మనకు అలా తోచడం వేరు. గిరిహ్ పద్ధతి ఒక నిర్దిష్ట కాలంలో, బగ్దాదు కేంద్రంగా, నిర్దిష్ట చారిత్రక పరిస్థితులలో వికసించిందని నెజిపోగ్లు వాదించారు. అలంకారం చూపరికి, వస్తువుకు నడుమ మధ్యవర్తిగా పనిచేస్తుందని ఓలెగ్ గ్రబార్ 1992 నాటి తన గ్రంథంలో వివరించారు.

నా దృష్టిలో ఈ ప్రతీకవాదంలో ఒక ప్రమాదముంది. గీతలోనే తౌహీద్ ఉందని నమ్మితే, ఆ గీత పరిచిన వస్తువు ఏదైనా దానంతటదే ధార్మికమై కూర్చుంటుంది. లోపలి అనువాదం తప్పులతడక అయినా, అట్టమీద ఎనిమిది కోణాల నక్షత్రం ఉంటే చాలు ‘ఇస్లామీయ సాహిత్యం’ అయిపోతుంది. తౌహీద్ విశ్వాసం, మనిషి హృదయంలో, ఆచరణలో ఉండేది. దానిని పలకగా కోసి పరచలేం. అందమైన గీతను అందమైన గీతగా, శ్రమించిన చేతి పనిగా గౌరవించడమే దానికి చేయగల న్యాయం.

చివరి మాట

ప్రచురణకర్తలకు, సంపాదకులకు, నావంటి అనువాదకులకు కొన్ని సూచనలు మనవి చేస్తాను. వెనుకతలపు నమూనాలో అక్షరాలుంటే, వాటిని చదవగలవారికి చూపించనిదే అచ్చుకు పంపకూడదు. పవిత్ర నామాలు, వాక్యాలు ఉన్న నమూనాను పునరావృత్తికి, అంచుకోతకు గురయ్యే చోట వాడనే వాడకూడదు. గీతల నమూనా అయితే దాని నిష్పత్తిని చెడగొట్టకుండా, అట్ట కొలతకు తగినట్లు అంచుపట్టీతో ముగించాలి. అది ఎక్కడి కట్టడానిదో తెలిస్తే లోపలి పుటలో ఒక్క వాక్యం రాయాలి. పాఠం ఉన్న పుట వెనుక ఏ నమూనా లేకపోవడమే మేలు. డిజైన్ చేసే యువకులు మన ఊరి మస్జిదుల, సమాధుల, అద్దకపు బట్టల నుంచి నమూనాలు గీసుకోవడం నేర్చుకుంటే ఇంకా మంచిది. వృత్తలేఖిని, కొలబద్ద ఉంటే ఎనిమిది కోణాల నక్షత్రం గీయడానికి అరగంట చాలు.

మా పుస్తకం సంగతి కూడా చెప్పి ముగిస్తాను. అట్టలు మార్చి మళ్ళీ అచ్చువేయడానికి డబ్బు సరిపోలేదు. ఉన్న అట్టలనే ఊడదీయించి, సాదా తెల్ల అట్టమీద గ్రంథనామం మాత్రం నల్లగా అచ్చువేయించి తిరిగి అంటింపజేశాం. పుస్తకం నెలరోజులు ఆలస్యమైంది. నాకు రావలసిన పారితోషికం ఆ ఖర్చులో పోయింది. అది న్యాయమే. ఊడదీసిన అట్టలను, సంచిలోని పీలికలను కలిపి గుడ్డలో చుట్టి, ఎవరూ తొక్కని చోట గొయ్యి తీసి పూడ్చాం. ఆ పెద్దాయన కూడా వచ్చారు. మట్టి కప్పాక ఆయన ఒక పుస్తకం చేతిలోకి తీసుకుని, తెల్లని అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, “ఇప్పుడు పేరు చదవవస్తోంది” అన్నారు.

మనం చూడని చోటును కూడా చూసే చూపును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక.